వీడియో గేముల అంత్యదశ: స్వామ్యము, పరిరక్షణము

గ్రంథములు నశించుటకు కారణములు పెక్కు కలవు. అగ్ని, జలము, చెద, అనాదరము అను నీ నాలుగును మన వాఙ్మయమునకు గావించిన నష్టము తాళపత్ర పరిశోధనము చేసినవారికి సువిదితము. కాని, ప్రకాశకుడు తాను విక్రయించిన ప్రతులు కొనినవారి యిండ్లలో నుండగనే, వాని నన్నిటిని ఒక్క దినమున చదువ వీలుకాని వానినిగా నొనర్చుట పూర్వము కనివిని యెరుగని విషయము. నేటి వీడియో గేముల లోకమున ఇట్టి నాశమే సంభవించుచున్నది. 2024 మార్చి 31వ తేదీన 'ది క్రూ' అను గేము ఈ విధముగ నంతరించెను. అది యంతరించిన తీరు, దానిపై రేగిన వివాదము, ఆ వివాదము ఐరోపా పాలకుల వరకు ప్రాకిన క్రమము 2024, 2025 సంవత్సరములలో గేముల లోకమున ప్రధాన వార్తలైనవి. ఆ వార్తల వెనుకనున్న విషయమును క్రమముగ వివరించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

భాషాశాఖవారి పరిశోధన పత్రికలో ఆటలకు తావెట్లు కలిగెనని పాఠకులు శంకింపవచ్చును. ఈ శంక సహజమే. అయినను, వీడియో గేమునందు కథ కలదు, సంభాషణ కలదు, చిత్రము, సంగీతము కలవు, వీని నన్నిటిని ఆడువాని చేష్టతో ముడివెట్టు నిబంధనావళి కలదు. ఇన్ని కళలు చేరిన కృతిని మున్ముందు విమర్శకులు పరిశీలింపక మానరు. మూలము లేనిచోట విమర్శ నిలువదనుట మనకు పరిష్కరణ శాస్త్రము నేర్పిన మొదటి పాఠము. కావున మూలమును నిలుపుకొనుట యెట్లు అను ప్రశ్న ఆటలాడువారికి మాత్రమే చెందినదని మేము తలపము.

1. గేము ఉనికి మూడు విధములు

వీడియో గేము పుస్తకమువలె ఒక్కచోట నుండు వస్తువు కాదు. దాని యునికిని మూడు విధములుగ విభజించి చూచినగాని ప్రస్తుత సమస్య తేటపడదు.

మొదటిది యంత్రమును అంటిపెట్టుకొనియుండు నునికి. 1962లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున స్టీవ్ రస్సెల్, అతని సహచరులు 'స్పేస్‌వార్' అను ఆటను పీడీపీ-1 అను కంప్యూటరుపై నిర్మించిరి. ఆ యంత్రము పెద్ద బీరువాలంతటిది. ఆ ఆట దానికొరకే వ్రాయబడినది. కాలిఫోర్నియాలోని మౌంటెన్ వ్యూ పట్టణమునందలి కంప్యూటరు చరిత్ర ప్రదర్శనశాలవారు అట్టి యంత్రమునొకదానిని బాగుచేసి, దానిపై ఆ ఆటను మరల నాడించిరి. యంత్రమును పోషింపగలిగినచో ఆటయు బ్రదుకునని దీనివలన తెలియుచున్నది.

రెండవది ప్రతిని ఆశ్రయించిన యునికి. 1970లు, 80లలో గేములు క్యాట్రిడ్జులుగను, తరువాత సీడీ, డీవీడీ బిళ్లలుగను ఇంటింటికి చేరినవి. ఇక్కడ గేము కొనినవాని చేతిలో నుండును. యంత్రము చెడినచో అట్టిదే మరియొకటి సంపాదించి యాడవచ్చును. అట్టి యంత్రమే దొరకని కాలము వచ్చినచో, పాత యంత్రపు నడవడిని క్రొత్త కంప్యూటరుపై అనుకరించు ఎమ్యులేటరు లను సాఫ్ట్‌వేరులు కలవు. 1997లో ఇటలీ దేశీయుడు నికోలా సల్మోరియా ప్రారంభించిన 'మేమ్' అను ఎమ్యులేటరు, నాణెము వేసి యాడు పాత ఆటలను వేల సంఖ్యలో నిలిపినది. బిళ్లలు పాడగును, క్యాట్రిడ్జులలోని బ్యాటరీలు ఉడుగును. అయినను ప్రతులు పెక్కు చేతులలో నున్నంతకాలము ఏదో యొకటి మిగులును. మన తాళపత్ర గ్రంథములు మిగిలినదియు ఇట్లే.

మూడవది సర్వరును ఆశ్రయించిన యునికి. సర్వరు అనగా ఇంటర్నెట్టు ద్వారమున లక్షల యిండ్లలోని యంత్రములకు జవాబు చెప్పుచు, నిరంతరము పనిచేయుచుండు కంపెనీవారి కంప్యూటరు. దీని పని గేముగేమునకు వేరుగనుండును. కొన్నింట అది ద్వారపాలకుడు మాత్రమే. ఆడువాడు నిజముగ కొనినవాడేనా యని పరీక్షించి లోనికి విడుచును. మరికొన్నింట ఆటలోని లెక్కలలో కొంత భాగమును అదియే చేయును. ఆడువాడెంత దూరము సాగెనో ఆ లెక్కను తనయొద్దనే దాచును. కొన్ని పాత్రల నడవడియు అదియే నిర్ణయించును. ఇట్టి గేమునకు సంబంధించిన బిళ్ల మన యింట నున్నను, అది సగము గ్రంథమే. తక్కిన సగము కంపెనీవారి భవనమున నున్నది. వారు ఆ యంత్రము నాపినయెడల మన చేతిలోని సగము పలుకదు.

అరువదేండ్లు దాటిన 'స్పేస్‌వార్' ఆడ వీలగుచుండగా, పదేండ్లు నిండని 'ది క్రూ' ఆడ వీలుకాకపోవుటకు కారణమిదియే. వయస్సు కాదు, ఉనికి విధమే ఆయుర్దాయమును నిర్ణయించుచున్నది.

2. 'ది క్రూ' వృత్తాంతము

'ది క్రూ' కార్ల పందెముల గేము. ఫ్రాన్సులోని లియోన్ నగరమునందలి ఐవరీ టవర్ అను సంస్థ దీనిని నిర్మింపగా, యూబీసాఫ్ట్ అను ఫ్రెంచి కంపెనీ 2014 డిసెంబరులో విడుదల చేసెను. అమెరికా సంయుక్త రాష్ట్రముల నంతటిని కుదించి ఒక్క పటముగ నిర్మించుట దీని విశేషము. ఒక సముద్రతీరమున బయలుదేరి, పర్వతములు, ఎడారులు, నగరములు దాటి రెండవ తీరమువరకు ఎచ్చటను ఆగక కారు నడుపుకొని పోవచ్చును. ఇందు ఒంటరిగ నాడదగిన కథాభాగము కూడ కలదు. కాని, ఒంటరిగ నాడినను సర్వరుతో సంబంధము తప్పనిసరి.

2023 డిసెంబరులో యూబీసాఫ్ట్ వారు ఈ గేము విక్రయము నాపి, 2024 మార్చి 31తో సర్వరులను మూసివేయుదుమని ప్రకటించిరి, అట్లే చేసిరి. అంతటితో ఒంటరి ఆటయు నిలిచిపోయెను. మరుసటి మాసమున, కొనినవారి ఖాతాలనుండి ఆ గేమునకు సంబంధించిన లైసెన్సులను కూడ తొలగింప మొదలిడిరి. బిళ్ల రూపమున కొనినవారికిని ఫలితము భిన్నము కాలేదు. బిళ్ల మిగిలినది, ఆట మిగులలేదు.

ఇది యొంటరి సంఘటన కాదు. సోనీ వారి 'కాన్‌కార్డ్' 2024 ఆగస్టు 23న విడుదలై, ఆడువారు చాలక, సెప్టెంబరు 6న మూతపడినది. దాని యాయువు రెండు వారములు. 2014లో కొనామీ సంస్థ 'పీ.టీ.' అను చిన్న భయానక గేమును ఉచితముగ నొసగి, మరుసటి యేడు అంగడినుండి తొలగించెను. తమ యంత్రమునుండి తుడిచివేసిన వారికి మరల డౌన్‌లోడు చేసికొను వీలు లేకపోయెను. బయోవేర్ నిర్మించిన 'యాంథెమ్' 2019లో వెలువడినది. దాని సర్వరులను 2026 జనవరి 12న నిలుపుదుమని ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ 2025 జూలైలో ప్రకటించినది. ఇన్నింటిలో 'ది క్రూ' మాత్రమే ఉద్యమమునకు మూలమగుటకు కారణమేమనగా, అది చాలకాలము చాలమంది కొని యాడిన గేము. ఒంటరిగ నాడదగిన భాగము కలిగియు అంతరించిన గేము.

3. కొనుగోలా, అనుమతియా?

ఇక్కడ న్యాయశాస్త్ర సంబంధమైన ప్రశ్న పుట్టుచున్నది. కొనినవాడు కొనినదేమి?

పుస్తకము కొనినయెడల రెండు విషయములు వేరుపడును. గ్రంథస్వామ్యము కర్తదిగనో ప్రకాశకునిదిగనో యుండును; చేతికి వచ్చిన ప్రతి మాత్రము కొనినవానిదగును. అతడు దానిని మరల నమ్మవచ్చును, అరువీయవచ్చును, మనుమలకు విడువవచ్చును. వీడియో గేముల కంపెనీలు చిరకాలముగ చెప్పుచున్నది మరియొకటి. వారు విక్రయించునది ప్రతి కాదు, ఆడుటకు అనుమతి మాత్రమేనట. ఈ సంగతి కొనునపుడు అంగీకరింపవలసిన నిడుపైన ఒప్పందమున నుండును. ఆ యొప్పందమును చదువక 'అంగీకరించితిని' అని మీట నొక్కనివారు అరుదు. అంగడిలో పెద్ద యక్షరములతో 'కొనుడు' అని యుండును. ఒప్పందమున చిన్న యక్షరములతో 'అనుమతి' అని యుండును. వివాదమంతయు ఈ రెండు మాటల నడుమనున్న యెడములో పుట్టినది.

2024 నవంబరులో ఇరువురు ఆటగాండ్రు కాలిఫోర్నియాలో యూబీసాఫ్ట్‌పై దావా వేసిరి. కొనినవారికి లభించినది పరిమితమైన అనుమతియే యని కంపెనీ వాదించినది. ఇంతకు కొంచెము ముందే, 2024 సెప్టెంబరులో, ఆ రాష్ట్ర గవర్నరు గావిన్ న్యూసమ్ ఒక చట్టముపై సంతకము చేసెను. అది 2025 జనవరి 1వ తేదీనుండి అమలునకు వచ్చినది. డిజిటల్ వస్తువును అమ్ముచు 'కొనుగోలు' వంటి మాటలను వాడదలచినచో, లభించునది అనుమతి మాత్రమేయని వినియోగదారునికి స్పష్టముగ తెలుపవలెనని ఆ చట్టము నియమించుచున్నది. శాశ్వతముగ డౌన్‌లోడు చేసికొని, ఇంటర్నెట్టు లేకయే వాడదగిన వస్తువులకు ఈ నియమము వర్తింపదు. 2024 అక్టోబరునాటికే స్టీమ్ అను ప్రసిద్ధమైన ఇంటర్నెట్టు అంగడివారు, సొమ్ము చెల్లించు పుటయందు ఇట్టి ప్రకటనము చేర్చిరి.

ఈ చట్టము మేలైనదే. కాని దాని హద్దు గుర్తింపవలెను. అది మాటను సరిదిద్దినది, వస్తువును నిలుపలేదు. ఇల్లు కూలునని ముందుగ చెప్పుట వేరు, ఇల్లు కూలకుండ జూచుట వేరు.

4. ఉద్యమము, దాని కోరిక

2024 ఏప్రిలులో రాస్ స్కాట్ అను అమెరికా దేశీయుడు 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' అను ఉద్యమము నారంభించెను. ఇతడు యూట్యూబునందు గేములను గూర్చి చిరకాలముగ వీడియోలు చేయుచున్నవాడు. ఉద్యమము కోరికను చాలమంది తప్పుగ గ్రహించిరి. కంపెనీలు తమ సర్వరులను శాశ్వతముగ నడుపవలెనని అది కోరలేదు. నష్టమునకు వ్యాపారము చేయుమని యెవరిని నిర్బంధింపలేము. సర్వరులను మూయుదినము వచ్చునపుడు, గేమును ఆడదగిన స్థితిలో విడిచిపొండని మాత్రమే అది కోరుచున్నది. ద్వారపాలకుని వంటి సర్వరైనచో ఆ పరీక్షను తొలగించిన చాలును. అంతకంటె నెక్కువ పనిచేయు సర్వరైనచో, ఆటగాండ్రు తామే నడుపుకొనుటకు వలయు సాఫ్ట్‌వేరును విడుచుట యొక మార్గము. ఈ నియమము ఇకముందు నిర్మింపబడు గేములకే వర్తింపవలెను గాని, గడచినవానికి కాదనియు ఉద్యమకారులు స్పష్టము చేసిరి.

ఐరోపా సమాఖ్యలో ఒక యేర్పాటు కలదు. ఒక యేడాది గడువులో పది లక్షల మంది పౌరులు సంతకములు చేసి, కనీసము ఏడు దేశములలో నిర్ణీత సంఖ్యను దాటినయెడల, ఐరోపా కమీషను ఆ విజ్ఞాపనమును పరిశీలించి సమాధానమీయవలెను. శాసనము చేసియే తీరవలెనను నిర్బంధము లేదు. ఈ యుద్యమమువారి విజ్ఞాపనమునకు 2024 జూలై 31న సంతకముల సేకరణ మొదలైనది. తొలి యుత్సాహము తగ్గిన పిమ్మట చాలకాలము అది మందగించినది. గడువు ముగియవచ్చిన 2025 జూన్, జూలై నెలలలో మాత్రము సంతకములు వెల్లువవలె వచ్చిపడి, జూలై 3వ తేదీన పది లక్షలు దాటినవి. గడువు ముగియునాటికి ఆ సంఖ్య పదునాలుగు లక్షలకు మించినది. బ్రిటనులో వేరుగ సమర్పింపబడిన విజ్ఞాపనము లక్ష సంతకములు దాటుటచే, 2025 నవంబరు 3న పార్లమెంటు సభ్యులు దానిని చర్చించిరి. వినియోగదారుల చట్టమును మార్చు నుద్దేశము తమకు లేదని అక్కడి ప్రభుత్వము తెలిపినది.

5. కంపెనీల ఆక్షేపణలు

పరిశోధకులు రెండవ పక్షమును వినక తీర్పు చెప్పరాదు. ఐరోపాలోని గేముల కంపెనీల సంఘమైన వీడియో గేమ్స్ యూరప్ 2025 జూలైలో తన వాదమును వెల్లడించినది. దాని సారమును మూడు అంశములుగ చెప్పవచ్చును.

ఆటగాండ్రు స్వంతముగ నడుపుకొను సర్వరులలో, కంపెనీలు కల్పించు రక్షణలుండవు. ఆటగాండ్ర వివరములకు భద్రత, చట్టవిరుద్ధమైన రాతల తొలగింపు వంటివి లోపించును. బాధ్యత మాత్రము హక్కుదారులపై బడు ప్రమాదము కలదు. ఇది మొదటి యాక్షేపము. చాల గేములు మొదటినుండియు ఇంటర్నెట్టుపైననే ఆడుటకు రూపొందింపబడినవి. వానిని విడదీయుట సాధ్యము కాదు. ఇది రెండవది. ఇట్టి నిర్బంధము నిర్మాతల స్వేచ్ఛను హరించి, వ్యయమును మోయరానంతగ పెంచును. ఇది మూడవది.

ఇందు సత్యము లేకపోలేదు. పెద్ద గేము ఒక్కరి సొత్తు కాదు. అందలి పాట యొకరిది, కార్ల పేర్లు వేరొకరివి, లోపలి సాఫ్ట్‌వేరు తునుకలు మరికొందరివి. అనుమతుల గడువు తీరిన పిదప వానిని పంచిపెట్టుట కంపెనీకి చట్టరీత్యా కష్టము. నిర్మాణము ముగిసిన గేమును విడదీయుటయు నిజముగనే కఠినము. కాని, ఈ కష్టములలో చాలవరకు గడచిన గేములకు వర్తించునవి. కట్టిన యింటికి తలుపు పెట్టుటకంటె కట్టబోవు నింటికి తలుపు విడుచుట సులభము. ఇకముందు కట్టువానికే నియమము కోరినపుడు, వ్యయమును గూర్చిన వాదము బలము కొంత తగ్గుచున్నది. మొదటి యాక్షేపమునకు సమాధానము చట్టముననే కలదు. మూసివేత పిమ్మట నడుచు సర్వరుల బాధ్యత నడుపువానిదేయని శాసనము స్పష్టముగ చెప్పినచో ఆ భయము తీరును.

రెండవ యాక్షేపము మాత్రము పూర్తిగ తీరునది కాదని మా యభిప్రాయము. వేలమంది యొక్కచోట జేరి యాడు గేమును సర్వరుతో సహా నిలిపినను, ఆ జనసమ్మర్దమును ఎవరును నిలుపలేరు. తిరునాళ్ల మైదానమును కాపాడవచ్చును గాని తిరునాళ్లను కాదు. అట్టిచోట కొంత నష్టము తప్పదని యొప్పుకొనుటయే న్యాయము.

మరియొక విషయము. 'కాన్‌కార్డ్' కొనినవారికి సోనీ వారు సొమ్ము తిరిగి యిచ్చిరి. వినియోగదారునికి న్యాయము జరిగినది. కాని ఆ గేమును చూడగోరు పరిశోధకునికేమి జరిగినది? ఏండ్ల తరబడి కళాకారులు శ్రమించి గీసిన రూపములు, కట్టిన లోకములు సొమ్ముతో పాటు తిరిగి రావు. కావున స్వామ్య ప్రశ్నయు పరిరక్షణ ప్రశ్నయు ఒక్కటి కావు. మొదటిది కొనినవానికిని అమ్మినవానికిని నడుమ తీరగలదు. రెండవదానిలో మూడవ కక్షిదారు కలదు. అది రాబోవు తరము. దానికి సంతకము చేయు నవకాశము లేదు.

6. గ్రంథాలయముల కష్టము

ఆ మూడవ కక్షిదారు పక్షమున నిలువవలసినవి గ్రంథాలయములు. వాని స్థితి యెట్లున్నది?

అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషను 2017లో స్థాపింపబడినది. 2023లో ఈ సంస్థ సాఫ్ట్‌వేర్ ప్రిజర్వేషన్ నెట్‌వర్కుతో కలిసి యొక పరిశీలనము ప్రకటించినది. 2010కి పూర్వము అమెరికాలో వెలువడిన గేములలో 87 శాతము నేడు అంగడిలో లభింపవని అందు తేలినది. మిగిలిన 13 శాతమే కొనుటకు దొరకుచున్నవి. అదే యేడు మార్చి 27న నింటెండో సంస్థ తన 3డీఎస్, వీ-యూ యంత్రములకు చెందిన ఇంటర్నెట్టు అంగళ్లను మూసినది. వానిలో మాత్రమే అమ్మబడిన గేములకు అంతటితో దారి మూసికొనిపోయినది.

ముద్రణలో లేని పుస్తకమును పాఠకుడు గ్రంథాలయమున చదువుకొనును. గేమునకు ఆ వీలు లేదు. కారణము డిజిటల్ తాళము. అమెరికా కాపీరైటు చట్టము ప్రకారము ప్రతులకు వేసిన తాళమును పగులగొట్టుట నేరము. మూడేండ్లకొకసారి కాపీరైటు కార్యాలయమువారు కొన్ని మినహాయింపుల నిత్తురు. గేములను తమ భవనమునందు నిలుపుకొనుటకు గ్రంథాలయములకు కొంత మినహాయింపు కలదు. దూరముననున్న పరిశోధకులకు ఇంటర్నెట్టు ద్వారమున వానిని చూపుటకు అనుమతి కోరగా, 2024 అక్టోబరులో ఆ కార్యాలయము నిరాకరించినది. అట్లు పంపిన గేములు పరిశోధనకు గాక వినోదమునకు వాడబడునని కంపెనీల సంఘము వాదించియుండెను. ఫలితముగ, ఒక పాత గేమును పరిశోధింపదలచినవాడు వేల మైళ్లు ప్రయాణము చేసి ఆ భవనమునకే పోవలెను.

ఫ్రాన్సు మార్గము వేరు. 1992 నాటి చట్టముతో అక్కడ వీడియో గేములు కూడ, పుస్తకములవలె, జాతీయ గ్రంథాలయమునకు ఒప్పగింపవలసిన వస్తువులైనవి. జపానులోని జాతీయ గ్రంథాలయము 2000 సంవత్సరమునుండి బిళ్లలు, క్యాట్రిడ్జుల రూపమున వెలువడు ప్రచురణములను స్వీకరించుచున్నది. అయినను, కాలము వారిని దాటిపోవుచున్నది. 2025 జూన్‌లో విడుదలైన నింటెండో స్విచ్ 2 యంత్రమునకు 'గేమ్-కీ కార్డు' అను క్రొత్త పద్ధతి వచ్చినది. అట్టి కార్డులో గేముండదు. గేమును ఇంటర్నెట్టునుండి తెచ్చుకొనుటకు తాళపుచెవి మాత్రముండును. కార్డు తనంత తాను గ్రంథము కాదు గనుక అది తమ సేకరణ పరిధిలోనికి రాదని జపాను గ్రంథాలయము తెలిపినట్లు ఆ దేశపు పత్రికలలో వచ్చినది. ఆ నిర్ణయము న్యాయమే. తాళపుచెవిని బీరువాలో దాచినంతమాత్రమున ఇల్లు దాచినట్లు కాదు గదా!

7. కొన్ని మంచి యుదాహరణములు

సమస్యకు పరిష్కారము లేదని తలపరాదు. అనుభవమున తేలిన మార్గములు కొన్ని కలవు.

'సిటీ ఆఫ్ హీరోస్' అను గేము 2004లో వెలువడి, ఎన్‌సీసాఫ్ట్ అను కొరియా సంస్థచే 2012 నవంబరు 30న మూయబడినది. ఆటగాండ్రు దానిని మరువలేదు. కొందరు అనుమతి లేకయే రహస్యముగ నడుపుచుండిన సర్వరు సంగతి 2019లో బయటపడగా, 'హోమ్‌కమింగ్' అను పేర బహిరంగముగ నడుపసాగిరి. 2024 జనవరిలో ఎన్‌సీసాఫ్ట్ వారు వారికి అధికారపూర్వకమైన లైసెన్సు నిచ్చిరి. చచ్చిన గేము చట్టబద్ధముగ బ్రతికినది. ఆటగాండ్రు నడుపు సర్వరు కంపెనీకి కీడు చేయుననుట ఎల్లెడల నిజము కాదని దీనివలన తెలియుచున్నది.

యూబీసాఫ్ట్ వారును పాఠము నేర్చిరి. 2024 సెప్టెంబరులో వారు తమ 'ది క్రూ 2', 'ది క్రూ మోటర్‌ఫెస్ట్' గేములను ఇంటర్నెట్టు లేకయే ఆడు వీలు కల్పింతుమని ప్రకటించిరి. మొదటి గేమునకు అసాధ్యమన్నది రెండవదానికి సాధ్యమైనది. కోరినవారు గట్టిగ కోరుటయే ఇందులకు కారణమని మేము తలచుచున్నాము. పోలండు దేశమునందలి 'గాగ్' అను అంగడి 2008 నుండియు డిజిటల్ తాళము లేని గేములనే విక్రయించుచున్నది. 2024 నవంబరులో ఆ సంస్థ వంద పాత గేములను నేటి కంప్యూటరులపై ఆడదగిన స్థితిలో నిలుపు బాధ్యతను బహిరంగముగ స్వీకరించినది. వ్యాపారమునకును పరిరక్షణమునకును సహజవైరము లేదనుటకు ఇది నిదర్శనము.

8. మనకు సంబంధించినంతవరకు

హైదరాబాదులోగాని విజయవాడలోగాని గేము కొను యువకునికి లభించునదియు ఆ యనుమతియే; ఆ సర్వరు మూతపడినచో అతడు నష్టపోవునదియు అంతే. గేము మన చేతిలో లేదను సత్యము మన యువకులకు 2020లో మరియొక విధమున తెలిసినది. ఆ యేడు సెప్టెంబరు 2న భారత ప్రభుత్వము 118 యాప్‌లను నిషేధించినపుడు 'పబ్జీ మొబైల్' వానిలో నుండెను. అక్టోబరు 30న మన దేశమున దాని సర్వరులు నిలిచినవి. ఫోనులో నున్న గేము ఫోనులోనే యుండి పనికిరానిదైనది. అక్కడ కారణము వ్యాపారము కాదు, ప్రభుత్వాజ్ఞ. ఆ యాజ్ఞ మంచిచెడ్డల విచారము ఇక్కడ ప్రస్తుతము కాదు. గేము దూరముననున్న యంత్రమున బ్రదుకునదైనపుడు, ఏ కారణముననైనను అది యొక్క క్షణమున ఆరిపోవునని మాత్రమే మేము చూపదలచితిమి.

మన దేశమున పుస్తకములను, వార్తాపత్రికలను జాతీయ గ్రంథాలయాదులకు ఒప్పగింపవలెనను చట్టము 1954లో పుట్టినది. అందు గేముల ప్రసక్తి లేదు. ఆలస్యము చేసినచో ఏమగునో మనకు చలనచిత్రములు నేర్పినవి. 1931లో వెలువడిన మొదటి భారతీయ శబ్దచిత్రము 'ఆలమ్ ఆరా'. పూనాలో జాతీయ చలనచిత్ర భాండాగారము 1964లో ఏర్పడినది. నడుమ మూడు దశాబ్దములకు పైగా గడచినవి. నేడు 'ఆలమ్ ఆరా' ప్రతి యొక్కటియు లభింపదు.

దీనికి ఎదురుగ మన వాఙ్మయ చరిత్రలోని యొక యుదాహరణమును నిలిపి చూడుడు. నన్నెచోడుని 'కుమారసంభవము' శతాబ్దములపాటు పండితులకు కూడ తెలియకుండెను. మానవల్లి రామకృష్ణకవి గారు వ్రాతప్రతిని గుర్తించి 1909లో ప్రకటింపగా, ఒక మహాకవి మనకు మరల దక్కెను. అంతకు ముందే బ్రౌను దొర పండితులను నియమించి, ఊరూర వెదకించి, వందలకొలది కావ్యములకు ప్రతులు వ్రాయించెను. ఇవి యెట్లు సాధ్యమైనవి? ప్రతి వ్రాసిన లేఖకుడు కవి యనుమతికొరకు కాచియుండలేదు. ప్రతి యెవరి యింట నున్నను చదువ వీలయ్యెను. రాజు పోయినను, పోషకుడు పోయినను, కవి వంశము పోయినను, ఆకు మిగిలిన కావ్యము మిగిలెను. కర్తనుండి ప్రతికి కలిగిన ఈ స్వాతంత్ర్యమే మన సాహిత్యమును బ్రదికించినది. సర్వరుపై ఆధారపడిన గేమునకు లేనిది ఆ స్వాతంత్ర్యమే.

ఉపసంహారము

ఇంతవరకు చెప్పినదానినుండి మూడు విషయములు తేలుచున్నవి. అమ్మునపుడు అమ్మునదేమో స్పష్టముగ చెప్పవలెను. కాలిఫోర్నియా చట్టము దీనికి దారి చూపినది. గేమును నిర్మించునపుడే దాని యంత్యదశను గూర్చి యోచింపవలెను; ఐరోపాలో పదునాలుగు లక్షలకు మించిన సంతకములు కోరినది ఇదియే. గ్రంథాలయములకు ప్రతియు, ఆ ప్రతికి వేసిన తాళమును తెరచు హక్కును కలుగవలెను. ఫ్రాన్సు, జపానులు మొదటిదానిని కొంతవరకు సాధించినవి, రెండవది యింకను చర్చలోనే యున్నది.

ఈ మూడింటిలో మొదటి రెండును కంపెనీలు, ప్రభుత్వములు తేల్చుకొనవలసినవి. మూడవదానియందు విశ్వవిద్యాలయములకు పాలు కలదు. ఆటలు చిన్నపిల్లల వినోదములని, అధ్యయనమునకు తగవని త్రోసివేసినచో, వానిని కాపాడుమని యడుగు నధికారము మనకుండదు. ఒకప్పుడు జానపద గేయములను, వీథినాటకములను, చలనచిత్రములను విద్వాంసులు ఇట్లే త్రోసిపుచ్చిరి. సేకరింప బూనునప్పటికి చాలభాగము జారిపోయినది. ఆ పొరపాటును తెలిసి తెలిసి మరల చేయకుందుము గాక.